పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఉన్న సర్వర్‌ని చక్కబెట్టడం: వెర్షన్ చూడ్డం దగ్గర్నుంచి కొత్త తాళం దాకా

2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్‌కి కాలం చెల్లింది. మర్నాడే, జులై 1న, క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ప్రోగ్రాంలో, ఓ పెద్ద లొసుగు బయటపెట్టింది. పాస్‌వర్డ్ లేకుండా, కీ లేకుండా, బయటినుంచే రూట్, అంటే సర్వర్ మొత్తానికీ యజమాని, అయిపోవచ్చు. ఆ వారమంతా నాకు వచ్చిన ఫోన్లలో ఒకటే ప్రశ్న: "మాది సెంట్‌ఓఎస్ 7 అండీ, బాగా పాతది, మునిగిపోయినట్టేనా?"

ఆ లొసుగు వరకైతే కాదు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.4. లొసుగు ఉన్నది 8.5పి1 నుంచి 9.7పి1 దాకా. అంటే కొత్తగా ఉబుంటు 22.04 పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లే ఆ రాత్రి టెన్షన్ పడాల్సింది. అలాగని సెంట్‌ఓఎస్ 7 వాళ్లు హాయిగా ఉండొచ్చా అంటే అదీ లేదు. ఇకమీదట ఏ లొసుగు బయటపడినా వాళ్లకి ఉచితంగా ప్యాచ్ రాదు. కాబట్టి ఈ వ్యాసంలో "పాతది" అంటే నంబరు చిన్నదని కాదు, దాన్ని చూసుకునేవాళ్లు లేరని.

కమాండ్లని ఫోన్‌లో అవతలివాళ్లకి చెప్పినట్టు పలికి రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు మీరు వేసుకోండి. ఇంకో మాట, ఇందులో చెప్పే పరీక్షలన్నీ మీ సొంత సర్వర్ల మీద, లేదా రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినవాళ్ల సర్వర్ల మీద మాత్రమే చేయాలి. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి.

మొదటి పని: ఎక్కడెక్కడ ఉందో రాసుకోండి

కాగితం తీసుకుని రాయండి. క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న సర్వర్ అందరికీ గుర్తుంటుంది. బీరువా పక్కన దుమ్ము పట్టిన, ఫైళ్లు దాచే ఎన్‌ఏఎస్ పెట్టె, సీసీ కెమెరాల కోసం ఎవరో పెట్టి వెళ్లిన రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, ఆఫీసు రౌటర్, ఆర్నెల్ల క్రితం టెస్టింగ్‌కని లేపి మరిచిపోయిన వర్చువల్ మెషీన్... ఇవి గుర్తుండవు. మీ ల్యాప్‌టాప్ కూడా ఈ జాబితాలో ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండో పని: అసలు వెర్షన్ పట్టుకోండి

చాలామంది ఎస్‌ఎస్‌హెచ్, స్పేస్, హైఫన్, పెద్ద వి కొట్టి, వచ్చిన నంబరు చూసి సరే అనుకుంటారు. అది క్లయింట్ వెర్షన్. లోపలికి వచ్చేవాళ్లకి తలుపు తీసేది ఎస్‌ఎస్‌హెచ్‌డీ, చివర డీ ఉన్నది. సాధారణంగా రెండూ ఒకే వెర్షన్‌లో ఉంటాయి, కానీ ఎప్పుడూ కాదు.

సర్వర్ తన గురించి ఏం చెప్పుకుంటోందో చూడాలంటే ఇంకో మెషీన్ నుంచి ఎన్‌సీ, స్పేస్, సర్వర్ అడ్రస్, స్పేస్, 22 (ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ నంబరు) కొట్టండి. మొదటి లైన్‌లోనే బ్యానర్ వస్తుంది: ఎస్‌ఎస్‌హెచ్-2.0-ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్_8.9పి1 ఉబుంటు-3ఉబుంటు0.10, ఇలాగ.

ఇందులో 8.9పి1 అన్న ముక్క చూసి భయపడేవాళ్లున్నారు, స్కానర్ రిపోర్ట్ పట్టుకుని "క్రిటికల్" అని ఎర్ర రంగు వేసి పంపే ఆడిటర్లు కూడా ఉన్నారు. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ వాళ్లు లొసుగు వచ్చినప్పుడల్లా కొత్త వెర్షన్ ఇవ్వరు. పాత వెర్షన్‌నే ఉంచి, ఆ ఒక్క లొసుగుకీ అతుకు వేస్తారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. కాబట్టి ముందు నంబరు కదలదు, తోక నంబరే కదులుతుంది. జులై నాటి లొసుగుకి ఉబుంటు 22.04లో మందు పడింది 8.9పి1-3ఉబుంటు0.10తో. తోక 0.10 కంటే తక్కువైతే ప్రమాదం, 0.10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆ గొడవ తీరిపోయినట్టే. డెబియన్ 12లో అదే 9.2పి1-2+డెబ్12యూ3. రెడ్ హ్యాట్ వాళ్ల బ్యానర్‌లో తోక కనిపించదు, బయటినుంచి చూసి ఏమీ తేల్చలేం.

అందుకే లోపలికి వెళ్లి ప్యాకేజీనే అడగాలి. ఉబుంటు, డెబియన్‌లో డీపీకేజీ, హైఫన్, చిన్న ఎల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్. రెడ్ హ్యాట్, ఆల్మా, రాకీల్లో ఆర్‌పీఎం, హైఫన్, చిన్న క్యూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్. ఫలానా లొసుగుకి మందు పడిందా అన్నది కచ్చితంగా తెలియాలంటే ప్యాకేజీలో ఏమేం మారాయో రాసి ఉండే ఛేంజ్‌లాగ్ చదవండి. ఆర్‌పీఎం, హైఫన్, చిన్న క్యూ, రెండు హైఫన్లు, ఛేంజ్‌లాగ్, ప్యాకేజీ పేరు కొట్టి, వచ్చినదాన్ని గ్రెప్ కమాండ్‌తో సీవీఈ-2024-6387 (జులై నాటి లొసుగుకి ఇచ్చిన నంబరు) కోసం వెతికితే లైన్ దొరుకుతుంది. ఆడిటర్‌కి ఆ లైన్ స్క్రీన్‌షాట్ తీసి పంపితే వాదన అక్కడితో ఆగుతుంది.

ఇక్కడో గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఒక చిన్న ఆఫీసు సర్వర్‌లో ప్యాకేజీలన్నీ తాజాగా ఉన్నాయి, బ్యానర్‌లో మాత్రం 7.2 అని వస్తోంది. అరగంట బుర్ర గోక్కున్నాక పీఎస్ కమాండ్‌తో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఏ ఫోల్డర్‌లోంచి వచ్చిందో చూశాను. యూఎస్‌ఆర్ కింద లోకల్, దాని కింద ఎస్‌బిన్. నాకంటే ముందున్న ఆయన ఎప్పుడో సోర్స్ తెచ్చి చేత్తో కంపైల్ చేసి పెట్టుకున్నాడు. ప్యాకేజీ అప్‌డేట్లు దాని జోలికే వెళ్లవు. అసలు ప్యాకేజీలో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఏళ్ల తరబడి అప్‌డేట్ అవుతూ ఖాళీగా కూర్చుంది, తలుపు దగ్గర నిలబడింది మాత్రం ఈ ముసలిది. మీరూ ఒకసారి ఆ ఫోల్డర్ చూసుకోండి.

మూడో పని: ఏ లొసుగు మీకు తగులుతుందో తేల్చండి

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999 నుంచి ఉంది. మొత్తం చరిత్ర చదవక్కర్లేదు, ఇప్పటికీ ఎదురయ్యేవి కొన్నే.

అన్నిటికంటే ముందు జులై 2024 నాటిది. రిగ్రెషన్ అన్న ఇంగ్లీషు మాట మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్‌ని ఇరికించి దానికి పేరు పెట్టారు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. లాగిన్ పూర్తి చేయడానికి సర్వర్ ఇచ్చే గడువు 120 సెకన్లు. గడువు దాటితే లోపల అలారం మోగుతుంది. ప్రోగ్రాం చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆగి, అలారం సంగతి చూసే కోడ్ నడుస్తుంది. అది లాగ్‌లో ఒక ముక్క రాయడానికి సిస్‌లాగ్‌ని పిలుస్తుంది. లైనక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీలో సిస్‌లాగ్ నడవాలంటే మెమరీ అడగాల్సి రావచ్చు. సరిగ్గా ఆ క్షణంలో అసలు ప్రోగ్రాం కూడా మెమరీ సర్దుతూ సగంలో ఆగి ఉంటే?

కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకంలో ఒక పద్దు సగం రాశాడు, మొత్తం ఇంకా వేయలేదు. ఇంతలో లోపలినుంచి పిలిస్తే లేచి వెళ్లాడు. కుర్రాడు వచ్చి అదే పేజీలో ఇంకో పద్దు రాశాడు. ఆయన తిరిగి వచ్చి, కుర్రాడి పద్దుకి తన మొత్తం వేశాడు. ఇక ఆ పుస్తకంలో ఏ లెక్కా నమ్మలేం. దాడి చేసేవాడు సరిగ్గా ఆ సగం రాసిన క్షణంలో పిలుపు పడేలా పదే పదే ప్రయత్నిస్తాడు. క్వాలిస్ వాళ్లు 32 బిట్ డెబియన్ మీద చూపించినప్పుడు సగటున దాదాపు 10 వేల ప్రయత్నాలు పట్టాయి. మెమరీ అడ్రస్ ఊహించడం సగం సార్లే కుదురుతుంది కాబట్టి మొత్తం 6 నుంచి 8 గంటలు. 64 బిట్ మీద వాళ్లు అప్పటికి చేసి చూపించలేదు, అది తేలిక కాదు. తేలిక కాదన్నాను గానీ జరగదనలేదు.

ఈ లొసుగుకి 2006లోనే మందు వేశారు, వెర్షన్ 4.4లో. 2020 అక్టోబర్‌లో లాగింగ్ కోడ్ తిరగరాస్తూ ఆ మందుని పొరపాటున తీసేశారు. 8.5పి1తో అది మళ్లీ లోకం మీదికి వచ్చింది. అందుకే నంబరు వరస ఇలా విచిత్రంగా ఉంటుంది: 4.4కి ముందువి పాత ప్యాచ్‌లు పడకపోతే ప్రమాదం, 4.4 నుంచి 8.4 దాకా ఫరవాలేదు, 8.5పి1 నుంచి 9.7పి1 ప్రమాదం, 9.8పి1 నుంచి మళ్లీ ఫరవాలేదు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లకి మాత్రం ఏమీ కాలేదు. వాళ్ల అలారం కోడ్ 2001లోనే తయారైన సురక్షితమైన సిస్‌లాగ్‌ని పిలుస్తుంది.

వెంటనే అప్‌డేట్ చేయలేకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో, ఆ గడువుని పెట్టే లాగిన్‌గ్రేస్‌టైమ్ విలువని 0 చేయండి. అలారమే మోగదు. కానీ దానికి మూల్యం ఉంది: ఎవడైనా ఊరికే కనెక్షన్లు తెరిచి కూర్చుంటే అవి ఎప్పటికీ తెగవు, ఉన్న స్లాట్లన్నీ నిండి మీకే తలుపు తెరుచుకోదు. నాలుగు రోజుల ముచ్చటగానే వాడండి.

7.7, అంతకంటే పాతవాటిలో ఇంకోటి ఉంది, 2018లో బయటపడింది. మీ సర్వర్‌లో ఏ యూజర్ పేర్లున్నాయో బయటివాడు ఒక్కోటి అడిగి తెలుసుకోవచ్చు. కావాలని చెడగొట్టిన ప్యాకెట్ పంపుతాడు. లేని పేరైతే సర్వర్ "కుదరదు" అని మర్యాదగా జవాబిస్తుంది. ఉన్న పేరైతే ఆ ప్యాకెట్ చదవబోయి, తేడా కనిపించి, కనెక్షన్ టక్కున తెంచేస్తుంది. ఆ తేడానే సమాధానం. దీనితో నేరుగా లోపలికి రాలేరు, కానీ పేరు తెలిశాక పాస్‌వర్డ్ ఊహించడమే మిగిలింది.

టెర్రాపిన్ అనే లొసుగు 2023 డిసెంబర్‌ది. జర్మనీలోని బోఖుమ్ యూనివర్సిటీ పరిశోధకులు కనిపెట్టారు. దారి మధ్యలో కూర్చున్నవాడు మొదట్లో వెళ్లే కొన్ని సందేశాలని ఎవరికీ తెలియకుండా మాయం చేయగలడు. 9.6తో సరిచేశారు, అయితే రెండు వైపులా సరిచేసిన వెర్షన్ ఉంటేనే ఫలితం. మామూలు ఆఫీసుకి ఇది నిద్ర పట్టనివ్వనంత పెద్దది కాదని నా అభిప్రాయం.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. 5.4 నుంచి 7.1 దాకా క్లయింట్‌లో రోమింగ్ అని ఒక ఫీచర్ ఉండేది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దాన్ని ఎన్నడూ అమలు చేయనే లేదు, క్లయింట్‌లో మాత్రం ఆన్ చేసి ఉంచారు. దొంగ సర్వర్‌కి కనెక్ట్ అయితే అది మీ మెమరీలోంచి ప్రైవేట్ కీ ముక్కల్ని లాక్కోగలదని 2016లో తేలింది. అలాగే 9.3పి1 వరకు ఏజెంట్ ఫార్వర్డింగ్‌లో, అంటే ల్యాప్‌టాప్‌లోని కీలని లాగిన్ అయిన సర్వర్ నుంచి కూడా వాడుకునే సదుపాయంలో, ప్రమాదం ఉంది. మీరు లాగిన్ అయిన సర్వర్ అప్పటికే ఎవరి చేతిలోనైనా ఉంటే, వాళ్లు అక్కడినుంచి వెనక్కి మీ ల్యాప్‌టాప్‌లో కోడ్ నడిపించగలిగేవారు. దాన్ని ఆన్ చేసే పెద్ద ఎ ఆప్షన్ అలవాటు మానుకుని, ఒక సర్వర్ మీదుగా ఇంకోదానికి వెళ్లాలంటే పెద్ద జె ఆప్షన్ వాడండి. 7.3 నుంచి ఉంది.

నాలుగో పని: పాత కీలు ఏరిపారేయండి

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే కీలు మారవు. ఈ ఒక్క ముక్క మరిచిపోయి ఎంతమంది మోసపోతారో.

2006 సెప్టెంబర్ నుంచి 2008 మే దాకా డెబియన్, ఉబుంటుల్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీకి (కీల తయారీకి వాడేది) చేసిన ఒక మార్పు వల్ల, కీ తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికత దాదాపు పోయింది. మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక రకం మెషీన్ మీద ఒక సైజు కీ తయారు చేస్తే వచ్చేవి మొత్తం 32 వేల పైచిలుకు. అన్నిటినీ ముందే తయారు చేసి పెట్టుకుని ఒక్కోటి తిప్పి చూస్తే చాలు. ఆనాటి కీ ఇంకా ఎవరి ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌లోనైనా (ఏ కీలని లోపలికి రానివ్వాలో రాసి ఉండే ఫైల్) ఉంటే, సర్వర్ ఎంత కొత్తదైనా ఆ తలుపు తెరిచే ఉన్నట్టు.

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, హైఫన్, చిన్న ఎల్, చిన్న ఎఫ్ కలిపి, ఆ ఫైల్ పేరు ఇవ్వండి. ప్రతి కీ పొడవు, రకం, చివర రాసుకున్న పేరు కనిపిస్తాయి. డీఎస్‌ఏ అనే పాత రకం కనిపిస్తే తీసేయండి. 7.0లోనే దాన్ని పక్కన పెట్టారు, 2025 ఏప్రిల్‌లో వచ్చిన 10.0లో పూర్తిగా తీసేశారు. 1024 బిట్ ఆర్‌ఎస్‌ఏ కూడా అంతే. పేరు చూసి "ఈయన ఉద్యోగం మానేసి మూడేళ్లయింది కదా" అనుకునే కీలు ఎలాగూ రెండో మూడో దొరుకుతాయి. రూట్ యూజర్ ఆథరైజ్డ్_కీస్ ఫైల్ కూడా చూడటం మరవొద్దు.

కొత్త కీ ఇలా చేసుకోండి: ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, హైఫన్, చిన్న టీ, ఈడీ25519. పాస్‌ఫ్రేజ్ అడిగితే ఎంటర్ కొట్టి దాటేయకండి.

ఐదో పని: తలుపు బయట ఉండి తాళం వేసుకోకండి

ఒక శుక్రవారం రాత్రి పదకొండున్నరకి, ఎవరెవరు లాగిన్ కావచ్చో చెప్పే అలోయూజర్స్ లైన్‌లో నా యూజర్ పేరుకి ఒక అక్షరం తప్పు కొట్టాను. ఎస్‌ఎస్‌హెచ్‌డీ, హైఫన్, చిన్న టీతో పరీక్షిస్తే తప్పేమీ చూపించలేదు. ఎలా చూపిస్తుంది, వ్యాకరణం సరిగానే ఉంది, మనిషే లేడు. ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీస్టార్ట్ చేశాను, టెర్మినల్ కిటికీ మూసేశాను. మళ్లీ లాగిన్ అయితే "పర్మిషన్ డినైడ్". అర్ధరాత్రి బండేసుకుని డేటా సెంటర్‌కి వెళ్లి, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి ఐడీ కార్డు చూపించి, మానిటర్ తగిలించి ఆ ఒక్క అక్షరం దిద్దాను.

కాబట్టి వరస ఇది. ముందు రెండు కిటికీల్లో లాగిన్ అవ్వండి. రీస్టార్ట్ చేసినా తెరిచి ఉన్న సెషన్ తెగదు, అదే మీ ప్రాణం. కాన్ఫిగ్ ఫైల్‌కి కాపీ తీసి పెట్టండి. క్లౌడ్ అయితే వెబ్ కన్సోల్ పనిచేస్తోందో ముందే చూసుకోండి. ఇంకా భయంగా ఉంటే ఎట్ కమాండ్‌తో, పది నిమిషాల తర్వాత పాత కాపీని తిరిగి పెట్టి రీస్టార్ట్ చేసే జాబ్ ఒకటి వేసి ఉంచండి. అంతా బాగుంటే దాన్ని రద్దు చేయొచ్చు. లేకపోతే పది నిమిషాలు టీ తాగి రండి, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ఆరో పని: అప్‌డేట్

ఉబుంటు, డెబియన్‌లో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత ఆప్ట్ ఇన్‌స్టాల్, రెండు హైఫన్లు, ఓన్లీ-అప్‌గ్రేడ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్. రెడ్ హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ అప్‌గ్రేడ్. మధ్యలో కాన్ఫిగ్ ఫైల్ మార్చాలా అని అడిగితే ముందు తేడా చూపించమనండి, తర్వాత మీదే ఉంచుకోండి.

సెంట్‌ఓఎస్ 7 లాంటి కాలం తీరినవాటికి ఇది లేదు. ఆల్మాకో రాకీకో మారాల్సిందే. మారే దాకా 22 పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి మూసేసి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వెనక పెట్టండి. సోర్స్ తెచ్చి మనమే కంపైల్ చేద్దామా అని అడుగుతారు. చేయొచ్చు, కానీ అప్పుడు ప్రతి లొసుగుకీ ప్యాచ్ వేసే ఉద్యోగం మీదే. పైన చెప్పిన 7.2 కథ అలాగే మొదలైంది.

ఏడో పని: సెట్టింగ్స్ బిగించడం

పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి: పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో. దాని తోబుట్టువు కేబీడీఇంటరాక్టివ్‌ఆథెంటికేషన్ కూడా నో, లేకపోతే కొన్నిచోట్ల పాస్‌వర్డ్ దొడ్డిదారిన అడుగుతూనే ఉంటుంది. పర్మిట్‌రూట్‌లాగిన్ నో. అలోయూజర్స్‌లో కావలసిన పేర్లు, అక్షరాలు రెండుసార్లు చూసుకుని.

ఇప్పుడు అసలు చిక్కు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైల్‌లో ఒకే సెట్టింగ్ రెండుసార్లు ఉంటే మొదటిదే చెల్లుతుంది. చాలా ప్రోగ్రాముల్లో చివరిది చెల్లుతుంది కాబట్టి మనకి చివర్లో రాయడం అలవాటు. కొత్త ఉబుంటుల్లో ఫైల్ మొదట్లోనే ఇంక్లూడ్ లైన్ ఉంటుంది, అది ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌లోని ఫైళ్లని ముందు చదివిస్తుంది. క్లౌడ్ సర్వర్లలో అక్కడ 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్ ఉండి, అందులో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ యెస్ అని ఉండొచ్చు. మీరు కింద ఎంత పెద్ద "నో" రాసినా దాన్ని ఎవరూ చదవరు. ఫైల్ చూసి నమ్మకండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ, హైఫన్, పెద్ద టీ కొడితే నిజంగా అమల్లో ఉన్న విలువలన్నీ చెబుతుంది. అందులో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ పక్కన ఏముందో చూడండి.

9.8 నుంచి పర్‌సోర్స్‌పెనాల్టీస్ అని ఒకటి వచ్చింది, పదే పదే తప్పు లాగిన్ కొట్టే అడ్రస్‌ని సర్వరే కాసేపు బయట నిలబెడుతుంది. అంతకుముందు వెర్షన్లకి అదే పని చేసే ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రాం పెట్టుకోండి. 22 కాకుండా వేరే పోర్ట్ పెడితే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతే.

అప్‌డేట్ తర్వాత పాత స్విచ్‌లోకో రౌటర్‌లోకో వెళ్లబోతే "నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ ఫౌండ్" అని రావచ్చు. 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతి సంతకాలని మామూలుగా ఒప్పుకోవడం మానేశారు మరి. దానికోసం, ఆ సంతకాలు వాడే ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏని అందరికీ తెరవకండి. మీ క్లయింట్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క పరికరానికి హోస్ట్ విభాగం రాసి, అక్కడ మాత్రమే హోస్ట్‌కీఅల్గారిథమ్స్, ప్లస్ గుర్తు, ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ ఇవ్వండి.

ఎనిమిదో పని: ఇప్పటికే ఎవరైనా వచ్చి వెళ్లారా?

లాగ్‌లో "టైమ్‌అవుట్ బిఫోర్ ఆథెంటికేషన్" అన్న లైన్లు వందలు, వేలు ఉంటే ఎవరో జులై 2024 నాటి లొసుగు మీద ప్రయత్నించారని అనుమానించాలి. లాస్ట్ కమాండ్‌తో లాగిన్లు చూడండి, తెలియని అడ్రస్‌లు, నిద్రపోయే వేళల్లో లాగిన్లు. ఆథరైజ్డ్_కీస్‌లో మీది కాని కీ ఉందంటే ఇక అనుమానం కూడా కాదు. అప్పుడు అప్‌డేట్ చేసి చేతులు దులుపుకోకూడదు. లోపలున్నవాడు ఇంకెక్కడ ఏం పెట్టాడో తెలియదు. లాగ్‌లు బయటికి కాపీ తీసుకుని, కొత్త సర్వర్ లేపి, డేటా మాత్రం తరలించి, కీలు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చాలి. మన దేశంలో సంస్థలైతే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం, ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

అంతా బాగుంటే ఉబుంటు, డెబియన్‌లో అప్‌డేట్లు వాటంతటవే పడేలా అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఆన్ చేసి పెట్టండి. ఇప్పుడు మూడో కిటికీ తెరిచి, కొత్త కీతో లాగిన్ అవ్వండి. రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే సుడో పనిచేస్తోందో చూడండి. ఎట్ జాబ్ వేసి ఉంటే రద్దు చేయండి. ఆ తర్వాతే మొదటి రెండు కిటికీలూ మూయండి.